పాత మోటారుబండ్ల స్టీరింగు: అరుగుదల, చికిత్స

కోయంబత్తూరు మండలమున తరతరముల క్రిందట స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెక్కింటికి వ్యవసాయమే కులవృత్తి. నాగలియు, ఎడ్లబండియు వారి తొలి యంత్రములు. ఆ కుటుంబములనుండియే పిమ్మట యంత్రవిద్యలో ప్రసిద్ధులైనవారు బయలుదేరిరి. కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారు అట్టివారిలో అగ్రగణ్యులు. యౌవనమున ఒక మోటారుసైకిలును కొని, దానిని విడదీసి మరల కూర్చి, యంత్రమర్మమును తమంత తాము గ్రహించిరి. 1920లో ఒక మోటారుబండిని సంపాదించి, పొల్లాచ్చికిని పళనికిని నడుమ ప్రయాణికులను చేరవేయ నారంభించిరి. వారి యూనివర్సల్ మోటార్ సర్వీసు తరువాతి కాలమున దక్షిణదేశమున పేరెన్నికగన్నది. వారు 1974లో పరమపదించిరి.

ఇట్టి చరిత్రగల పొల్లాచ్చి సీమలో పాతబండిని బాగుచేయు విద్య కేవలము వేడుకకు సంబంధించినది కాదు. ఆళియారు దాటి వాల్పారైకి ఎక్కు కనుమదారిలో 40 కొండమలుపులు కలవు. అట్టి దారిలో ఇంజను ఆగినచో బండి నిలిచిపోవును. స్టీరింగు తప్పినచో ప్రాణమే పోవును.

స్టీరింగు చక్రమును త్రిప్పినపుడు ఆ త్రిప్పుడు ఒక నిలువు కడ్డీగుండా క్రిందనున్న గేరుపెట్టెకు చేరును. అచ్చట మరచుట్టు వంటి పండ్లు గల యొక భాగము, అర్ధచంద్రాకారపు పండ్లభాగమును కదల్చును. దానికి తగిలించిన చేయి ఒక కడ్డీని ముందునకు వెనుకకు నెట్టును. ఆ కడ్డీ ఒక ముందుచక్రమును త్రిప్పగా, రెండు చక్రములను కలుపు అడ్డకడ్డీ రెండవదానిని కూడ త్రిప్పును. చక్రము ఏ నిలువు శీలపై తిరుగునో దానికి కింగ్ పిన్ అని పేరు. ఇది పెక్కు పాతబండ్ల యేర్పాటు. 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు ‘టి’ రకపు కారులో మాత్రము గేరుపండ్లు స్టీరింగు చక్రమునకు దిగువనే యుండెడివి.

ఈ వరుసలో ప్రతి కీలునందును వెంట్రుకవాసి అరుగుదల యున్నను, అన్నియు కూడి చక్రమువద్ద బెత్తెడు వదులుగా పరిణమించును. కావున ఒక్క గేరుపెట్టెను బిగించి తృప్తిపడుట పొరపాటు. మొదట దోషమున్న చోటు కనుగొనవలెను. ముందుచక్రమును జాకీతో నేలనుండి లేపి, పైని క్రిందను పట్టి ఊపవలెను. కదలిక కనబడినచో మరియొకరు బ్రేకు నొక్కి పట్టవలెను. అంతట కదలిక మాయమైన, లోపము చక్రపు బేరింగులో నున్నది. మాయము కానిచో, కింగ్ పిన్ అరిగినదని తెలియును. పిమ్మట ఒకరు స్టీరింగును ఇటునటు కొంచెముగా త్రిప్పుచుండగా, వేరొకరు ప్రతి కీలుపై చేయి వేసి చూచినచో, వదులు వ్రేళ్లకే తెలియును.

కింగ్ పిన్ అరిగినపుడు దానిని బంధించిన అడ్డశీలను మొదట తీసి, ఆ పిమ్మట పిన్నును కొట్టి వెలుపలికి తీయవలెను. పిన్నుతోపాటు కంచు బుష్షులను కూడ మార్చుట ఉత్తమము. క్రొత్త బుష్షు రంధ్రము గ్రీజు రంధ్రమునకు సరిగా ఎదురుగా నుండవలెను. లేనిచో ఎంత గ్రీజు ఎక్కించినను లోనికి చేరదు. పై బుష్షును, క్రింది బుష్షును ఒకే రీమరుతో ఒకే వరుసలో సవరించిననే పిన్ను వంకర లేక కూర్చుండును. అది వ్రేలి బలమునకు తిరుగవలెను, కాని ఊగరాదు. ఒక ప్రక్క మార్చి రెండవ ప్రక్క విడుచుట తగదు.

కడ్డీల చివర గుండుకీళ్లుండును. పాతవాటిలో బిగించుటకు మరబిళ్ల కలదు. అయితే గుండు ఒక ప్రక్కనే అరిగి కోడిగ్రుడ్డు ఆకృతి పొందినచో, దానిని మార్చుటయే గతి. బిగించినను ఒకచోట పట్టి, మరియొకచోట వదులగును. గేరుపెట్టె విషయమును ఇట్టిదే. బండి తరచు తిన్నగా పోవుటచే నడుమ పండ్లు హెచ్చుగా అరుగును. ఆ నడుమ వదులును పూర్తిగా పోగొట్టునట్లు బిగించినచో, మలుపులో పండ్లు పట్టివేయును. కావున కడ్డీని విడదీసి, ఈ కొస నుండి ఆ కొస వరకు త్రిప్పి చూచుచు, మెల్లగా సవరింపవలెను. ఎక్కడ పట్టినను వదులు చేయవలెను. అప్పటికిని నడుమ వదులు మిగిలినచో పండ్లనే మార్చవలెను.

బీటలువారిన స్టీరింగు చేతిని వెల్డింగు చేసి వాడరాదు. కాకకు ఉక్కు గుణము మారి, ఆ అతుకు ప్రక్కనే విరుగవచ్చును. విప్పిన చోట్ల పాత చీలికపిన్నులను మరల పెట్టరాదు. చివరకు ముందుచక్రముల నడుమ దూరమును ముందువైపునను వెనుకవైపునను కొలిచి, తయారీదారు చెప్పిన కొలతకు అడ్డకడ్డీని సవరింపవలెను. పెక్కు పాతబండ్లలో ముందువైపు దూరము కొద్ది మిల్లీమీటర్లు తక్కువగా నుండును. పిదప సమతలమగు ఖాళీబాటలో మెల్లగా నడిపి చూచిన పిమ్మటనే కొండ ఎక్కవలెను.

ఈ అరుగుదల కంతకును మూలము దుమ్ము, గ్రీజు లేమి. ఎడ్లబండి ఇరుసునకు కందెన వేయక ప్రయాణము కట్టని పెద్దలకు ఈ సత్యము క్రొత్త కాదు. ఇరుసు, కడశీల, కందెన అను మాటలు తెలుగువారికి బండితోనే వచ్చినవి. బండ్లు మారినను ఆ మాటల వెనుకనున్న జాగ్రత్త మారలేదు. పనిముట్టుతోపాటు దాని పేరును, ఆ పేరుతోపాటు దాని మర్మమును పిల్లలకు అందించిననే ఆ విద్య నిలుచును. చేతిలో పని యుండి నోట మాట లేకున్నచో, పని నేర్పుట కష్టము; మాట యుండి పని లేకున్నచో, ఆ మాట నిఘంటువునకే పరిమితమగును.