గుండె బలానికి నాలుగు కొలతలు
వాల్వు లీకయ్యే రోగికి ఏది ఆధారం?

పెద్దాసుపత్రిలో గుండె జబ్బుల విభాగం ముందు బల్లల మీద కూర్చునే వారిలో చాలామంది చేతిలో ఒక సంచీ, ఆ సంచీలో పాత రిపోర్టుల కట్ట కనిపిస్తాయి. ఒక రిపోర్టులో గుండె పంపింగ్ 62 శాతం అని, నెల తర్వాత మరోచోట తీయించిన దానిలో 55 శాతం అని ఉంటే ఇంటిల్లిపాదికీ కంగారే. గుండె అంతలోనే పాడైందా? లేక పరీక్షే తప్పా? చాలా సందర్భాలలో తేడా కొలిచిన పద్ధతిలోనే ఉంటుంది.

చిన్నతనంలో గొంతునొప్పి వెనుకే కీళ్ల వాపుతో వచ్చే రుమాటిక్ జ్వరం మన దేశంలో గుండె కవాటాలు చెడడానికి ఒక ముఖ్య కారణం. కవాటం ఇరుకైతే రక్తం ముందుకు పోవడం కష్టమవుతుంది. సరిగా మూసుకోకపోతే వెనక్కు వస్తుంది. ఈ రెండవ రకం జబ్బులోనే అంకె మనిషిని మోసగిస్తుంది.

అంకె వెనుక లెక్క

ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఎంత వంతు ఒక్క స్పందనతో బయటికి పోతుందో చెప్పేదే ‘ఎజెక్షన్ ఫ్రాక్షన్’. 120 మిల్లీలీటర్లు నిండి 72 బయటికి పోతే 60 శాతం. మైట్రల్ కవాటం లీకయి, ఉబ్బిన గుండెలో 200 నిండి 130 పోయాయనుకుందాం. లెక్క ప్రకారం 65 శాతం. కాని అందులో 60 వెనక్కు, ఎడమ కర్ణికలోకి పోతే శరీరానికి అందేది 70 మాత్రమే. కాగితం మీద అంకె పెరిగింది. లోపల కండరం అలసిపోతున్నది.

అందుకే తీవ్రమైన మైట్రల్ లీకు ఉన్నవారికి ఆయాసం లేకపోయినా, అంకె 60 శాతానికి దిగినా, ముడుచుకున్నప్పుడు జఠరిక వెడల్పు 40 మిల్లీమీటర్లకు చేరినా ఆపరేషన్ చేయడం మంచిదని 2020లో అమెరికా గుండె వైద్య సంఘాలు విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. బృహద్ధమని కవాటం తీవ్రంగా లీకయ్యే వారికి ఆ హద్దు 55 శాతం. మరీ ఆలస్యమైతే కవాటాన్ని బాగుచేసినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నాలుగైదు శాతం తేడా ఇక్కడ చిన్న విషయం కాదు.

ఏ పరీక్ష ఏమి చూపుతుంది?

ఒకప్పుడు నమ్మకమైన కొలతగా పేరుపొందినది కేథటర్ పరీక్ష. సన్నని గొట్టాన్ని రక్తనాళం గుండా గుండెలోకి పంపి, మందు ఎక్కించి ఎక్స్‌రే చిత్రాలు తీస్తారు. గుండె గదులలోని ఒత్తిడి నేరుగా తెలుస్తుంది. శరీరంలోకి గొట్టం పోవాలి కనుక, ఇతర పరీక్షలతో తేలనప్పుడో, ఆపరేషన్‌కు ముందు గుండె రక్తనాళాలు చూడవలసి వచ్చినప్పుడో దీనిని వాడుతున్నారు.

రెండవది రేడియో ధార్మిక పరీక్ష. ఎర్ర రక్తకణాలకు టెక్నీషియం అంటించి, గుండెలోంచి వచ్చే కిరణాలను గామా కెమెరాతో లెక్కిస్తారు. జఠరిక ఏ ఆకారంలో ఉన్నా లెక్క చెడదు. అయితే కవాటం కనిపించదు, కొంత రేడియేషన్ తప్పదు.

మూడవది ఎకో. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్, హెల్ముత్ హెర్ట్జ్ లోహాలలో లోపాలు వెతికే యంత్రంతో గుండె కదలికలను నమోదు చేశారు. మైట్రల్ కవాటం ఇరుకైన రోగులను పరీక్షించడానికే అది మొదట అక్కరకు వచ్చింది. ఎకోలో రేడియేషన్ లేదు, మంచం దగ్గరే తీయవచ్చు. కవాటం కదలిక, లీకు కళ్లకు కడతాయి. కాని పక్కటెముకలు, ఊపిరితిత్తులు అడ్డువస్తాయి. తీసేవారి చేతివాటాన్ని బట్టి, గుండె లయ తప్పినప్పుడు ఎంచుకున్న స్పందనను బట్టి అంకె మారుతుంది.

నాలుగవది ఎం.ఆర్.ఐ. గుండెను ముక్కముక్కలుగా చూసి ఘనపరిమాణం కడుతుంది. మళ్లీ కొలిచినా అంకెలో పెద్దగా తేడా రాదు. వెనక్కు పోయే రక్తాన్ని కూడా మిల్లీలీటర్లలో లెక్క తేలుస్తుంది. ఖర్చు ఎక్కువ. యంత్రంలో చాలాసేపు కదలక పడుకోవాలి, మధ్యమధ్య ఊపిరి బిగబట్టాలి. ఆయాసపడే రోగికి అది కష్టమే.

రోగి చేయవలసినది

ఆపరేషన్ హద్దులు ప్రధానంగా ఎకో కొలతల మీద కట్టినవే. కనుక మొదట ఎకో. చిత్రం స్పష్టంగా లేకపోయినా, రోగి బాధకూ రిపోర్టుకూ పొంతన కుదరకపోయినా ఎం.ఆర్.ఐ. వంటి పరీక్ష అవసరమవుతుంది. వీలైనంతవరకు ఒకేచోట, ఒకే పద్ధతిలో తీయించుకోవడం మేలు. రిపోర్టులన్నీ తేదీలవారీగా దాచాలి. బాగున్నామని మధ్యలో పరీక్ష మానరాదు. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు డాక్టరు రాసిన పెన్సిలిన్ ఇంజెక్షన్లు గడువు తప్పకుండా వేయించాలి.

వెనకటికి ఒక ఊరి కుంచం మరో ఊరి కుంచంతో సరిపోయేది కాదు. ధాన్యం తగ్గిందో లేదో తేలాలంటే రెండుసార్లూ ఒకే కుంచంతో కొలవాలి. గుండె బలానికీ అదే సూత్రం.