కణం వెలుపల జన్యువలయాలు: ఫ్లోరైడ్ పరీక్షకు కొత్త సాధనం

జీవరసాయన చర్యలకు సజీవ కణం తప్పనిసరి కాదని 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ నిరూపించారు. ఈస్టును నూరి పిండిన రసం కూడా చక్కెరను ఆల్కహాలుగా మార్చగలిగింది. 1961లో నీరెన్‌బర్గ్, మథాయి ఇ. కోలై బాక్టీరియా సారంలోనే ప్రోటీన్ తయారు చేయించి, జన్యుసంకేతంలోని మొదటి పదాన్ని చదివారు. నాడు జీవరహస్యాలను తెలుసుకొనడానికి వాడిన ఇటువంటి సారంలో నేడు మనకు కావలసిన పని చేసే జన్యువలయాలను నిర్మిస్తున్నారు.

2020లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఫ్లోరైడ్ సూచిక ఇందుకు చక్కని ఉదాహరణ. ఇందులో రైబోస్విచ్ అనే ఆర్.ఎన్.ఏ. భాగం మీటవలె పనిచేస్తుంది. ఫ్లోరైడ్ లేనప్పుడు జన్యువు నకలు మధ్యలోనే ఆగిపోతుంది. ఫ్లోరైడ్ వచ్చి చేరినప్పుడు నకలు పూర్తయి, ఒక ఎంజైమ్ తయారవుతుంది. ఆ ఎంజైమ్ కాటెకాల్‌ను పసుపు రంగు పదార్థంగా మారుస్తుంది. ఆ రంగును కంటితోనే చూడవచ్చు.

ఈ వలయాన్ని సజీవ బాక్టీరియాలోనే ఎందుకు ఉంచకూడదు? ఫ్లోరైడ్ కణానికి విషం. కనుక కణం దానిని ఎప్పటికప్పుడు బయటికి నెట్టివేస్తుంది. కణపొర లేని సారంలో ఈ అడ్డంకి ఉండదు. పైగా ఘనీభవన పద్ధతిలో ఆరబెట్టిన మిశ్రమాన్ని పొలానికి తీసుకువెళ్లి, నీటి నమూనా కలిపితే చాలు. జన్యుమార్పిడి చేసిన సజీవ సూక్ష్మజీవి పరిసరాలలోకి చేరుతుందన్న భయమూ లేదు. ఈ సూచికను కోస్టారికాలోని సహజ జలాలపై పరీక్షించారు.

ఫ్లోరోసిస్ వ్యాధి మన దేశంలో 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో నమోదైంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే విధానానికి నల్లగొండ పేరే స్థిరపడింది. అందుచేత ఈ సాధనం మనకు ఆసక్తికరం. అయితే ఒక అంశాన్ని గమనించాలి. ఆ సూచికను లీటరుకు 2 మిల్లీగ్రాముల అమెరికా ప్రమాణాన్ని దృష్టిలో ఉంచుకొని పరీక్షించారు. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో వాంఛనీయ పరిమితి 1 మిల్లీగ్రాము. ప్రత్యామ్నాయం లేనప్పుడు 1.5. 2 వద్ద మాత్రమే స్పష్టంగా పసుపెక్కే గొట్టం, 1.7 ఉన్న బావి నీటిని సురక్షితమని చూపే ప్రమాదం ఉంది.

కావున ఈ సాధనాన్ని ఉన్నదున్నట్లు స్వీకరించరాదు. మీట సున్నితత్వాన్ని మన పరిమితికి సరిదిద్దాలి. మన బోరు నీటిలోని కాఠిన్యం, లవణాలు, వేసవి ఉష్ణోగ్రతలు దాని పనితీరును ఎంత మారుస్తాయో కొలవాలి. ప్రతి విడత సారం ఒకే విధంగా పనిచేస్తుందో లేదో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో సరిచూడాలి. ఈ పరీక్షలలో నెగ్గిన తరువాతనే దానిని గ్రామాలకు అందించడం ఉచితం.