రెండు రాగి తీగల మీద ఇంటర్నెట్

బొగ్గు గనుల ఊరు రామకృష్ణాపూర్ కాలనీల్లో ల్యాండ్‌లైన్ ఉన్న ఇంటికి ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చేవి మెలివేసిన రెండు రాగి తీగలే. ఇంటర్నెట్ మొదట వాటి మీద డయలప్‌గా వచ్చింది. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. మహానగరాల్లో మొదలుపెట్టిన ఈ సేవ జిల్లాలకు చేరడానికి ఏళ్లు పట్టింది. మోడెం కీచుమంటూ ఫోన్ కలిపేది. నెట్ నడిచినంతసేపూ చుట్టాలకు ఎంగేజ్ టోనే. వేగం సెకనుకు 56 కిలోబిట్లు దాటలేదు.

తప్పు తీగది కాదు. మాట వినపడటానికి 300 నుంచి 3,400 హెర్ట్జ్‌లు చాలని, ఆ పైనున్నదంతా ఎక్స్ఛేంజే వడకట్టేసేది. అదే తీగ పది లక్షల హెర్ట్జ్‌ల దాకా మోయగలదు.

అమెరికాలో బెల్‌కోర్ ఇంజనీరు జోసెఫ్ లెక్‌లైడర్ 1980ల చివర్లో ఆ ఖాళీని చూశాడు. చిక్కల్లా పక్క తీగలతోనే. వందల జంటలు ఒకే కేబుల్లో ఎక్స్ఛేంజ్ చేరతాయి. అక్కడ, దూరం నుంచి నీరసించి వచ్చిన సంకేతాన్ని, పక్క జంటల్లో అప్పుడే బయలుదేరే బలమైన సంకేతం ముంచేస్తుంది. ఇళ్ల దగ్గర ఆ గుంపు ఉండదు. అందుకే ఇంటికి వచ్చే దారిని వెడల్పు చేసి, వెళ్లే దారిని ఇరుకు చేయమన్నాడు. ఈ పద్ధతి పేరు ఏడీఎస్ఎల్; అందులో ‘ఏ’ అంటే ఆ అసమానతే. నాకు ఇందులో నచ్చేది, లోపాన్ని దాచకుండా దాన్నే నమూనాగా మార్చుకున్న తెగువ.

స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ చొఫీ తీగ సామర్థ్యాన్ని 256 సన్నని పాయలుగా చీల్చాడు. గనిలో బొగ్గు బాగా పడే ఫేస్‌కు ఎక్కువ టబ్బులు పంపి, నీరు ఊరే చోట తగ్గించినట్టు, మోడెం ప్రతి పాయనూ పరీక్షించి, శుభ్రంగా ఉన్నదానిపై ఎక్కువ బిట్లు ఎక్కిస్తుంది, రొద ఉన్నదాన్ని వదిలేస్తుంది. మాట అడుగు పాయల్లో మామూలుగానే సాగుతుంది.

బి.ఎస్.ఎన్.ఎల్. 2005 జనవరిలో ఈ పద్ధతిలో బ్రాడ్‌బ్యాండ్ తెచ్చింది. అప్పట్లో సెకనుకు 256 కిలోబిట్లుంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. ఫోనూ నెట్టూ ఒకేసారి నడిచాయి. కానీ ఎత్తు పౌనఃపున్యాలు దూరానికి తట్టుకోలేవు. అయిదారు కిలోమీటర్లు దాటితే లైన్ నిలవదు. దూరమంటే కాకి ఎగిరే దూరం కాదు, వీధులు తిరిగి కేబుల్ నడిచే దూరం. వానకు జాయింట్లోకి నీరు దిగితే పాయలు ఒక్కొక్కటే మూగబోయేవి.

ఇంట్లో స్ప్లిటర్ అనే చిన్న డబ్బా మాటనూ డేటానూ వేరుచేసేది. పక్క గదిలో ఎక్స్‌టెన్షన్ ఫోన్‌ను దాని ముందే కలిపితే రిసీవర్ ఎత్తినప్పుడల్లా నెట్ తెగేది. లైన్‌మన్ వచ్చి ఆ వైరు పీకి, స్ప్లిటర్ తర్వాత బిగించి వెళ్లేవాడు.