రెండు గంటలకోసారి పక్క మార్చాలి

బుజ్జీ, నువ్వడిగింది మంచి ప్రశ్న. కళ్ళు మూసుకుని పడుకున్న పెద్దావిడని సిస్టర్ రెండు గంటలకోసారి వచ్చి అటూ ఇటూ తిప్పుతోంది, పాపం పడుకోనివ్వచ్చు కదా తాతయ్యా అన్నావు. మాత్రలూ సెలైనూ అయితే వైద్యమని అందరికీ తెలుస్తుంది. ఆ తిప్పడమూ వైద్యమేనమ్మా. నన్నడిగితే మంచాన పడ్డ మనిషికి చాలా మందుల కన్నా అదే ముఖ్యం.

రాత్రి నిద్రలో నువ్వెన్నిసార్లు దొర్లుతావో నీకు తెలియదు. ఒకే పక్కన ఎక్కువసేపు ఉంటే అక్కడి నరాలు మెదడుకి కబురు పంపుతాయి. మెలకువ రాకుండానే ఒళ్ళు పక్కకి తిరుగుతుంది. పక్షవాతం వచ్చిన మనిషికి ఆ కబురు అందకపోవచ్చు, అందినా కండ కదలదు. మత్తులో ఉన్నవాళ్ళ సంగతీ అంతే. షుగరు వల్ల కాళ్ళు మొద్దుబారినవాళ్ళకి మడమ నలుగుతున్నా తెలియదు.

బీపీ చూసి డాక్టరు 120 అంటాడే, అది చేతిలోని పెద్ద ధమనిలో ఒత్తిడి. చర్మం దాకా వచ్చేసరికి రక్తం కేశనాళికల్లోకి దిగుతుంది. అవెంత సన్నవంటే ఎర్రరక్తకణాలు ఒకదాని వెనక ఒకటి వరసలో వెళ్ళాల్సిందే. అక్కడ ఒత్తిడి సుమారు 32కి పడిపోతుంది. వెల్లకిలా పడుకుంటే ముడ్డిపూస దగ్గరా మడమల దగ్గరా, పక్కకి పడుకుంటే తుంటి దగ్గరా, ఎముకకీ పరుపుకీ మధ్య నలిగే కండ మీద అంతకు మించిన ఒత్తిడి పడుతుంది. నాళికలు మూసుకుపోతాయి. ఆక్సిజన్ రాదు, కణాల్లో పుట్టిన మలినం బయటికి పోదు. గంటల తరబడి అలాగే ఉంటే ఆ కణాలు చచ్చిపోయి పడకపుండు పడుతుంది. కాడి ఒరిసి ఎద్దు మెడ పుండు పడుతుంది చూడు, ఇదీ ఆ జాతి పుండే. కాకపోతే ఇక్కడ కాడి ఒంటి లోపలి ఎముకే. కండకి చర్మం కన్నా ఆక్సిజన్ అవసరం ఎక్కువ కనక చాలాసార్లు దెబ్బ లోపలే మొదలవుతుంది. పైకి చిన్నగా కనబడిన పుండు లోపల లోతుగా పాకి ఉండొచ్చు.

మొదట్లోనే పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఇంకా ఆడుతోందన్నమాట. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. ఇది తెల్లతోలు వాళ్ళకి సులువు. మన చామనచాయ ఒంటి మీద, నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా తేలదు. అందుకని చెయ్యి పెట్టి చూడాలి: చుట్టూ ఉన్న చర్మం కన్నా వెచ్చగా ఉందా, గట్టిగా తగులుతోందా, మెత్తబడిందా, రంగు తేడాగా ఉందా అని. అలాంటి చోట నూనె రాసి మర్దనా చేయకూడదు. ప్రేమతోనే చేస్తారు, కానీ అప్పటికే దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది. గాలి ఊదిన చక్రం లాంటి ట్యూబు కింద పెట్టడమూ మంచిది కాదు. దాని అంచు చుట్టూ నొక్కి, మధ్యలోకి వచ్చే రక్తాన్ని ఆపేస్తుంది.

తిప్పడంలోనూ ఒడుపుంది. చంకల కింద చేతులు వేసి ఈడ్చకూడదు. ఈడిస్తే చర్మం దుప్పటికి అంటుకుని ఉండిపోతుంది, ఎముక ముందుకు జరుగుతుంది, మధ్యలో నాళికలు సాగి తెగుతాయి. ఒంటి కింద అడ్డంగా ఒక మడత దుప్పటి వేసి, ఇద్దరు చెరో వైపూ పట్టి ఎత్తి జరపాలి. తలగడ ఎత్తు పెట్టినప్పుడు మనిషి కిందికి జారినా ఇదే నష్టం. మరి అన్నం పెట్టేటప్పుడు తల ఎత్తకపోతే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. కాబట్టి తినేటప్పుడు ఎత్తి కూర్చోబెట్టి, తిన్నాక అరగంటైనా అలాగే ఉంచి, ఆ తర్వాత దించాలి. ఏ నిమిషాన ఏ ప్రమాదం పెద్దదో తూచుకోవడమే నర్సు చదువు.

1859లో లండన్‌లో అచ్చయిన తన నర్సింగ్ పుస్తకంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పడకపుండుని రోగం ఖాతాలో కాక సేవ లోపం ఖాతాలో వేసింది. మాట చాలావరకు నిజమే. అయితే ఒక్క సిస్టర్‌కి వార్డంతా అప్పజెప్పి, పుండు పడిందని ఆమెనొక్కదాన్నే నిలదీయడం న్యాయం కాదు.

ఇక చేతులు. ఒక మంచం దగ్గర తిప్పిన చేతులే పక్క మంచానికి వెళ్తాయి. 1847లో వియన్నా ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలు కోసి కాన్పుల వార్డుకి వచ్చే విద్యార్థుల చేత క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. ఆ ఏడాదే బాలింతల చావులు బాగా తగ్గిపోయాయి. సూక్ష్మజీవుల వల్ల రోగాలొస్తాయని అప్పటికింకా రుజువు కాలేదు కూడా. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్ళూ అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. రోగికి విరేచనాలవుతుంటే సబ్బే వాడాలి. కొన్ని బాక్టీరియాల బీజాలు ఆల్కహాల్‌కి చావవు, సబ్బుతో రుద్ది నీళ్ళతో కడిగితేనే పోతాయి. గ్లౌజులు వేసుకున్నా, తీశాక చేతులు కడగాల్సిందే.

తిప్పే ముందు చెప్పాలి బుజ్జీ. "అమ్మా, ఎడమ పక్కకి తిప్పుతున్నాం" అని, స్పృహ లేని మనిషికైనా సరే. తెర వేయాలి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకోటి పెట్టాలి. తడిసిన బట్ట వెంటనే మార్చాలి, నానిన చర్మం తొందరగా చిట్లుతుంది. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఏ గంటకి ఏ పక్కో కాగితం మీద రాసి గోడకి అంటిస్తే, ఒకరు పడుకున్నా ఇంకొకరికి తెలుస్తుంది. రాత్రి రెండు గంటలకోసారి లేవలేమంటే డాక్టరునో సిస్టర్‌నో అడగాలి. మంచి ఫోమ్ పరుపు ఉండి, చర్మం బాగుంటే ఆ వ్యవధి కొంచెం పెంచవచ్చో లేదో వాళ్ళే చూసి చెబుతారు.