విమానం ఆగాకే ఇంజన్ ఆయిల్‌కి అసలు పరీక్ష!
ల్యాండయ్యాక జెట్ ఇంజన్‌ని వెంటనే ఆపకుండా కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఎందుకు ఉంచుతారో నాకు చాలాకాలం తెలియలేదు. ఒక కారణం బేరింగుల్లోని ఆయిల్.

ఇది పాలియోల్ ఎస్టర్‌తో చేసిన సింథటిక్ ఆయిల్. ఎంత వేడైనా తట్టుకుంటుందనే అనుకున్నా. కానీ వేడిలో గాలి తగిలేకొద్దీ అందులోని యాంటీఆక్సిడెంట్లు ఖర్చైపోతాయి. ఆ తర్వాత ఆయిల్ చిక్కబడుతుంది, ఆమ్లత్వం పెరుగుతుంది. తేమ చేరితే ఎస్టర్ విడిపోయి మళ్లీ ఆమ్లమే!

ఇంజన్ ఆపగానే ఆయిల్ సరఫరా ఆగుతుంది, టర్బైన్ వేడి మాత్రం బేరింగుల వైపు పాకుతుంది. అక్కడ మిగిలిన ఆయిల్ మూకుడుకి అంటిన జిడ్డులా మాడి గట్టిపడుతుంది. దీన్నే కోకింగ్ అంటారు. ఆ పెచ్చు ఊడి సన్నటి ఆయిల్ జెట్‌కి అడ్డుపడితే బేరింగ్ ఎండిపోతుంది, ఇంజనే పాడవ్వొచ్చు.

కాబట్టి ఈసారి విమానం దిగాక ఇంజన్ మోత ఆగలేదని విసుక్కోకండి. లోపల ఆయిల్ చల్లబడుతోంది!