ఎముకకూ వేడి తగులుతుంది



మాది హోసూరు. మా నాయన వడ్రంగి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషుతో చదువుకొని ఎముకల డాక్టరునయ్యాను. ఉపకారవేతనమే నా చదువుకు ఆసరా. నా వృత్తిలోని ఒక చిన్న విషయాన్ని మీకు వివరిస్తాను.

వేలి ఎముకో, మణికట్టో విరిగినప్పుడు ముక్కలు కదలకుండా సన్నని స్టీలు తీగలు దించుతాం. 1909లో జర్మన్ సర్జన్ మార్టిన్ కిర్ష్‌నర్ వీటిని ప్రవేశపెట్టారు. అందుకే కె-వైర్లు అంటాం. డ్రిల్లు మిషనుకు బిగించి తిప్పుతూ ఎముకలోకి పంపుతాం. ఆ రాపిడికి వేడి పుడుతుంది.

మన ఒంటి వేడి 37 డిగ్రీలు. ఎముక 47 డిగ్రీల వద్ద ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుందని ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ అనే స్వీడన్ పరిశోధకులు 1983లో కుందేళ్ళపై పరీక్షించి చూపారు. అంటే మనకున్న వెసులుబాటు పది డిగ్రీలే. ఎముక వేడిని త్వరగా బయటికి పంపలేదు. పైగా మామూలు డ్రిల్లు బిట్టుకుండే మెలి గాడులు ఈ తీగకు ఉండవు. కనుక పొడి బయటికి రాక తీగ చుట్టూనే ఇరుక్కొని రాపిడిని పెంచుతుంది. చుట్టూ ఉన్న ఎముక చచ్చిపోతే తీగ వదులవుతుంది, చీము పట్టే అవకాశమూ పెరుగుతుంది.

ఇది నాకు అనుభవం మీదే తెలిసింది. పీజీ చదివే రోజుల్లో ఒక పిల్లవాడి వేలికి తీగ దించుతుంటే రెండుసార్లు దారి తప్పింది. అదే తీగను మూడోసారి వాడాను. దిగకపోతే వేగం పెంచాను. మూడు వారాలకు తీగ వదులై చీము పట్టింది. మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. "ఏమైంది సార్?" అని వాళ్ళమ్మ అడిగితే తల ఎత్తలేకపోయాను. వేడి ఒక్కటే కారణమని చెప్పలేను గానీ, నా తప్పు మాత్రం ఉంది. ఇంటికెళ్ళి నాయనతో చెప్పుకున్నాను. "మొన పోయిన బరమాతో బలం చేస్తే కట్టె మాడుతుంది గాని పని కాదురా" అన్నాడు.

అప్పటి నుంచి ఈ పద్ధతులు పాటిస్తున్నాను:

1. ప్రతిసారీ పదునైన కొత్త తీగ. దారి తప్పితే దాన్ని పక్కన పెట్టేయడమే.
2. తక్కువ వేగం, నిలకడైన ఒత్తిడి. ఒత్తకుండా ఊరకే తిప్పితే రాపిడి సమయం పెరుగుతుంది.
3. మధ్య మధ్య ఆపి చల్లారనివ్వడం.
4. తీగ దిగే చోట చల్లని సెలైను పోయడం, లేదా తడి గాజుగుడ్డ పెట్టడం.
5. గట్టి ఎముకలో ముందుగా గాడులున్న సన్నని బిట్టుతో దారి చేసుకోవడం.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలకు తీగలు వేసి ఉంటే, ఆ చోట ఎరుపు, చీము, నొప్పి పెరగడం, తీగ కదలడం కనిపిస్తే తేదీ కోసం ఆగకుండా డాక్టరుకు చూపించండి.

విద్యార్థులారా, రాపిడి, ఉష్ణవాహకత అనే పాఠాలు మార్కుల కోసమే అనుకోకండి. డాక్టరైనా, ఇంజనీరైనా, థియేటరు టెక్నీషియనైనా అవి మీకు పనికొస్తాయి. మీ ఇంటి పనిలో నేర్చుకున్నదాన్నీ చిన్నచూపు చూడకండి. నాకు ఈ పాఠం మొదట చెప్పింది మా నాయన బరమానే.