మీకు తెలుసా? సెకనుకు 642 చుట్లు తిరిగే నక్షత్రం

వంటింట్లో మిక్సీని ఫుల్ స్పీడులో పెడితే బ్లేడు సెకనుకు సుమారు మూడొందల చుట్లు తిరుగుతుంది. అంతకు రెట్టింపు వేగంతో తిరిగే నక్షత్రం ఒకటుంది. దాని పేరు బి1937+21. సెకనుకు 642 చుట్లు! ఇలాంటి నక్షత్రాలను పల్సార్లంటారు. సూర్యుణ్ణి మించిన బరువంతా ఇరవై కిలోమీటర్ల ముద్దలో కుక్కేసి ఉంటుంది. 1982లో దీన్ని పట్టుకున్న బృందంలో మన దేశస్థుడు శ్రీనివాస్ కులకర్ణి ఉన్నారు. అప్పటికాయన బర్కిలీలో పరిశోధక విద్యార్థి.

పల్సార్ తిరిగిన ప్రతిసారీ ఒక రేడియో స్పందన మనల్ని తాకుతుంది. లయ తప్పదు. ఏళ్ల తరబడి చూస్తే అణు గడియారాలతో పోటీ పడుతుంది. అందుకే గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలంలో రేగే అలలను, పట్టడానికి శాస్త్రవేత్తలు వీటినే వాడుకుంటున్నారు. భారీ కృష్ణబిలాలు, ఒక్కోటి కోట్ల సూర్యుళ్ల బరువుండేవి, జంటగా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగితే పుట్టే అలలు మామూలువి కావు. ఒక్క అల మనల్ని దాటిపోవడానికే ఏళ్లు పడుతుంది. దాని ప్రభావం వల్ల స్పందన రావాల్సిన సమయం మహా అయితే సెకనులో కోటో వంతు అటూ ఇటూ అవుతుంది. ఈ లెక్కలు కట్టే వారిలో సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. అధ్యాపకులే కాదు, బీటెక్ పిల్లలు కూడా.

అసలు చిక్కంతా దారిలోనే ఉంది. నక్షత్రాల మధ్య ఖాళీ అనుకుంటాం గానీ అక్కడ ఎలక్ట్రాన్లు చెదిరి ఉంటాయి. వాటి గుండా వచ్చేటప్పుడు తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం వెనకబడుతుంది. బి1937+21నే తీసుకోండి. 400 మెగాహెర్ట్జ్ దగ్గర అందే స్పందన 1,400 దగ్గర అందే దానికంటే సుమారు 1.7 సెకన్లు ఆలస్యం. ఆ లోపు నక్షత్రం వెయ్యికి పైగా చుట్లు తిరిగేస్తుంది! వెతుకుతున్నదేమో సెకనులో కోటో వంతు. పోనీ ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే ఒకసారి తీసేసి ఊరుకోవచ్చు. అలా ఉండదు. పల్సారూ కదులుతుంది, భూమీ కదులుతుంది, దారిలో అడ్డొచ్చే ఎలక్ట్రాన్ల లెక్క మారుతూ పోతుంది. కాబట్టి చూసిన ప్రతిసారీ కొత్తగా కొలవాల్సిందే.

ఇక్కడే మన దేశానికి పని పడింది. పుణె జిల్లా ఖోడద్ దగ్గర రేడియో టెలిస్కోపుల సముదాయం జీఎంఆర్‌టీ ఉంది. 45 మీటర్ల అడ్డంతో 30 యాంటెన్నాలు. రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ ఆలోచన అది. డిష్షులకు రేకులు బిగించకుండా స్టీలు తీగల వల పరిచారు. గాలి వలలోంచి దూరిపోతుంది, బరువు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. ఈ యాంటెన్నాలను జట్లుగా విడదీసి ఒకే సమయంలో ఒక జట్టుతో 300-500, ఇంకో జట్టుతో 1,260-1,460 మెగాహెర్ట్జ్‌లో ఒకే పల్సార్‌ను చూస్తారు. రెండింటి మధ్య తేడాలోంచి ఎలక్ట్రాన్ల వాటా తేలిపోతుంది. పెద్ద ఆవిష్కరణల వార్తల్లో ఈ పని కనబడదు గానీ, నా దృష్టిలో సగం గొప్పతనం దీనిదే.

ఇలా పల్సార్లను గమనిస్తున్న అమెరికా, యూరప్-భారత్, ఆస్ట్రేలియా, చైనా బృందాలు 2023 జూన్ 29న తమ ఫలితాలను ఒకేసారి బయటపెట్టాయి. యూరప్, భారత బృందాలు 25 పల్సార్ల మీద దాదాపు పాతికేళ్ల లెక్కలు కలిపి చూశాయి. ఇంతకీ వాళ్లు వెతికిందేమిటి? ఒక్క పల్సార్ లయ తప్పితే అది దాని సొంత గొడవ కావచ్చు. గురుత్వ తరంగాల వల్లే అయితే, జంటలు జంటలుగా చూసినప్పుడు ఆకాశంలో రెంటి మధ్య కోణాన్ని బట్టి తేడాలు ఒక పద్ధతిలో మారాలి. ఆ పద్ధతిని 1983లోనే హెలింగ్స్, డౌన్స్ అనే ఇద్దరు లెక్కగట్టి పెట్టారు. నలభై ఏళ్లకు దాని జాడ కనిపించింది.

పత్రికలేమో 'విశ్వం హోరు విన్నారు' అని రాసేశాయి. విన్నవాళ్లెవరూ లేరు, అది శబ్దమే కాదు. యూరప్-భారత్ లెక్కలో ఇదంతా కాకతాళీయమయ్యే అవకాశం వెయ్యిలో ఒకటి. భౌతిక శాస్త్రవేత్తలు 'కనుగొన్నాం' అనాలంటే 35 లక్షల్లో ఒకటికి తగ్గాలి. అందుకే పరిశోధన పత్రాల్లో 'ఆధారాలు' అన్న మాటతోనే ఆగారు. ఇప్పుడు అన్ని బృందాల డేటానూ ఒక్కచోట కలిపే పని నడుస్తోంది.